యాయెసు ఎఫ్‌టీ-891, ఐకామ్ ఐసీ-7300: అనంతపురంలో ఉన్నవారు ఏది తీసుకోవాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. అమెచ్యూర్ (హామ్) రేడియో జనరల్ గ్రేడు లైసెన్సు వచ్చింది, వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషను గుర్తింపు పేరు) చేతికందింది, ఇక మాట్లాడే, వినే రేడియో పెట్టె, అంటే రిగ్, కొనాలి. అనంతపురంలో రెండంతస్తుల ఇంటి పై వాటాలో అద్దెకు ఉంటున్నారు, మిద్దె వాడుకోవడానికి ఇంటివారు ఒప్పుకున్నారు. రెండు వారాలకొకసారి తాడిపత్రి దగ్గరి సొంత ఊరికి కారులో వెళ్లి అక్కడి నుంచి కూడా మాట్లాడాలని ఉంది. ముఖ్యంగా 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్), అప్పుడప్పుడు 20 మీటర్లు (14 మెగాహెర్ట్జ్), కొంచెం ఎఫ్‌టీ8 (లాప్‌టాప్‌తో చిన్న సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి). కూడబెట్టిన డబ్బు ఐసీ-7300కు సరిగ్గా సరిపోతుంది, ఎఫ్‌టీ-891 తీసుకుంటే చెప్పుకోదగినంత మిగులుతుంది. "ఒక్కసారే కొనగలను, పొరపాటు చేయకూడదు" అని రాశారు.

మీ స్థితిలో నేనైతే ఎఫ్‌టీ-891 తీసుకుని, మిగిలిన డబ్బంతా యాంటెన్నా మీద, తీగల మీద, బ్యాటరీ మీద పెడతాను. అయితే ఈ మాటను ఉన్నదున్నట్టు తీసుకోకండి. నా లెక్క రెండు విషయాల మీద ఆధారపడి ఉంది: మీ మిద్దె మీద రేడియోలో వినిపించే రొద (చుట్టుపక్కల కరెంటు పరికరాల గరగర) ఎంత, రిగ్‌కు అందే కరెంటు ఎలాంటిది. ఈ రెండూ తెలియకుండా గుణాల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎవరికైనా ఐసీ-7300 మీదికే మనసు పోతుంది. నాకూ అలాగే పోయింది. ఈ జిల్లాలో ఇన్నేళ్లు రేడియో పెట్టుకున్న తరువాత, మన చోట రిగ్ చేయగలిగే పనికి హద్దు గీసేవి ఈ రెండేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందుగా రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని దాటేద్దాం. రెండూ 2016లో వచ్చినవే. రెండూ హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) బ్యాండ్లన్నిటితో పాటు 6 మీటర్లు కూడా ఇస్తాయి, రెండింటికీ ఎస్‌ఎస్‌బీ (గొంతు), సీడబ్ల్యూ (మోర్స్)లలో 100 వాట్లు, రెండూ 13.8 వోల్టుల మీద నడుస్తాయి. 144 మెగాహెర్ట్జ్ రెండింటిలోనూ లేదు కాబట్టి, స్థానిక మిత్రులతో వీహెచ్‌ఎఫ్‌లో మాట్లాడటానికి ఏది కొన్నా చేతి సెట్టు విడిగా కావలసిందే. ఒక మోస్తరు చెవి ఉన్న ఆపరేటరుకు, మంచి యాంటెన్నా మీద, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక మామూలు ఎస్‌ఎస్‌బీ స్టేషను ఈ రెండింటిలో ఏ రిగ్ ద్వారా వస్తోందో కళ్లు మూసుకుని చెప్పడం కష్టం. పోటీల రోజుల్లో పక్కపక్కనే కిక్కిరిసిన బలమైన స్టేషన్ల మధ్య తేడా తెలుస్తుంది, కానీ మన ప్రాంతంలో ఇంటి చుట్టుపక్కల ఇంకో హెచ్‌ఎఫ్ స్టేషను ఉండటమే అరుదు.

లోపలి నిర్మాణంలో మాత్రం అవి రెండు వేర్వేరు తరాలవి. ఎఫ్‌టీ-891 పాత పద్ధతి సూపర్‌హెటరోడైన్. వచ్చిన సిగ్నల్‌ను మెట్లు మెట్లుగా కిందికి దించి, చివరి ఐఎఫ్ (దించిన ఫ్రీక్వెన్సీ) దగ్గర డీఎస్‌పీకి (సిగ్నల్‌ను అంకెల్లో శుద్ధి చేసే చిప్పుకు) అప్పగిస్తుంది. ఐసీ-7300 యాంటెన్నా నుంచి వచ్చినదాన్ని బ్యాండు ఫిల్టర్ల గుండా పంపి నేరుగా అంకెలుగా మార్చేస్తుంది. అందువల్లనే దానికి 4.3 అంగుళాల తాకే తెర మీద స్పెక్ట్రమ్ (బ్యాండులోని సిగ్నళ్ల బొమ్మ), వాటర్‌ఫాల్ (అదే బొమ్మ కాలంతో పాటు కిందికి జారేది) ఎప్పటికప్పుడు, ఆలస్యం లేకుండా కనిపిస్తాయి. ఎఫ్‌టీ-891లోనూ స్కోప్ ఉందిగానీ, అది బ్యాండును ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఊడ్చి చూపేది; నడుస్తున్న బ్యాండును కళ్లెదుట పరిచినట్టు ఉండదు. ఈ ఒక్క తేడా చాలా పెద్దది, ఎందుకో రొద గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

రొద విషయం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు.

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో 40 మీటర్లలో రాత్రి ఎనిమిది గంటలకు, సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు ముల్లు 7 దగ్గర నిలిచిపోయి కదిలేది కాదు. బెంగళూరు, హైదరాబాదు స్టేషన్లు ఆ గరగర పైన తల ఎత్తేవి, కేరళ మిత్రులు అందులో మునిగిపోయేవారు. యాంటెన్నాను అనుమానించి రెండుసార్లు దింపి కట్టాను. చివరకు ఒక ఆదివారం రాత్రి రిగ్‌ను బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపేశాను. ముల్లు 7 నుంచి 4కు పడింది. ఎస్ మీటర్లన్నీ ఒకే లెక్క పాటించవుగానీ, ప్రమాణం ప్రకారం ఒక్కో గీత 6 డెసిబెళ్లు. అంటే మూడు గీతలు 18 డెసిబెళ్లు: అవతలి మనిషి తన పవర్‌ను అరవై రెట్లకు పైగా పెంచితే నాకు ఎంత మేలు జరుగుతుందో, ఒక స్విచ్ ఆపడం వల్ల అంత మేలు జరిగింది. ఆ తరువాత ఒక్కో గది ఎమ్‌సీబీ వేస్తూ వచ్చాను. వంటింటి ఎమ్‌సీబీ ఎత్తగానే ముల్లు రెండు గీతలు లేచింది. నీళ్లు శుద్ధి చేసే యంత్రం అడాప్టరు, అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా, అదే దోషి. రెండోది హాలులోని ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు. అడాప్టరు స్థానంలో పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మరు పెట్టాను, లైటు మార్చాను.

మిగిలినది ఇంటి బయటిది. పొద్దు పొడిచిన అరగంటకు మొదలై పొద్దు గుంకేసరికి ఆగిపోయే రొద ఒకటి ఉండేది. మబ్బు పట్టినప్పుడు తగ్గి, ఎండ కాసినప్పుడు పెరిగేది. అది పక్క వీధి మిద్దె మీది సోలార్ ఇన్వర్టరుదని తెలుసుకోవడానికి వారం పట్టింది. రాయలసీమలో ఇప్పుడు ఏ మిద్దె చూసినా పలకలే, పొలాల్లోనూ సోలార్ పంపుసెట్ల కంట్రోలర్లు వచ్చేశాయి. ఎండ మనకు పుష్కలం కాబట్టి ఈ రొద మనకు ఇంకా పెరిగేదే. ఇంకొకటి 11 కేవీ లైను మీది ఇన్సులేటరుది: ఎండి దుమ్ము పట్టిన సాయంత్రాల్లో గరగరమని రాపిడిలా వినిపించి, మొదటి వాన కడిగేయగానే మాయమయ్యేది. వర్షానికి పోయే రొద లైనుదని, ఎండకు పోయి రాత్రి ఉండేది ఇళ్లలోదని, పగలు మాత్రమే ఉండేది సోలార్‌దని స్థూలంగా గుర్తుంచుకోండి. ఇందులో తప్పు తక్కువ.

ఇలాంటి వేటలో ఐసీ-7300 నిజంగా గొప్ప తోడు. స్విచ్చింగ్ అడాప్టర్ల రొద వాటర్‌ఫాల్ మీద సమాన దూరాల్లో నిలువు పట్టీలుగా కనిపిస్తుంది, వేడెక్కే కొద్దీ ఆ పట్టీలు మెల్లగా పక్కకు జరుగుతాయి. ఫలానా ప్లగ్గు పీకగానే ఫలానా పట్టీ తుడిచినట్టు పోతుంది. చెవితో గంట పట్టే పని కంటితో ఐదు నిమిషాల్లో అవుతుంది. ఎఫ్‌టీ-891తో చెవి, ఎస్ మీటరు మాత్రమే ఆధారం. ఐతే ఈ వేట జీవితాంతం చేసేది కాదు, ఒకసారి చేసి, ఆరు నెలలకొకసారి సరిచూసుకునేది. దానికోసం హెచ్‌ఎఫ్ వినగలిగే చవకైన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీ రిసీవరు) ఒకటి లాప్‌టాప్‌కు తగిలిస్తే అదే బొమ్మ కనిపిస్తుంది. వీధిలో రొద ఎక్కడి నుంచి వస్తోందో వెతకడానికి మీడియం వేవ్ పలికే చిన్న ట్రాన్సిస్టరు చాలు. దాన్ని స్టేషన్ లేని చోట పెట్టి, చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నడిస్తే రొద ఏ దిక్కున పెరుగుతుందో తెలిసిపోతుంది. ఐసీ-7300కు అదనంగా పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఆ తెరకే పోతుంది, మీరు ఆ తెర లేకుండానే ఈ పని చేసుకోగలరు.

రొద వచ్చాక దాన్ని తగ్గించి చూపించే శక్తి రెండు రిగ్‌లకూ ఉంది. ఐసీ-7300 నాయిస్ బ్లాంకరు లైను రొద లాంటి టకటకల మీద బాగా పని చేస్తుంది. ఎఫ్‌టీ-891 డీఎన్‌ఆర్‌ను (అంకెల పద్ధతిలో రొద తగ్గించే సౌకర్యాన్ని) తక్కువ మెట్టులో ఉంచుకుంటే గంటల తరబడి వినడానికి చెవికి హాయిగా ఉంటుంది, ఎక్కువ పెంచితే మనిషి గొంతు నీళ్ల కింద నుంచి వచ్చినట్టు అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంకాలపు ఉరుముల వల్ల వచ్చే క్యూఆర్‌ఎన్‌ను (ప్రకృతి గరగరను) మాత్రం ఏ రిగ్గూ ఆపలేదు. ఆ రోజుల్లో తెల్లవారుజామునే కూర్చోవాలి.

ఇప్పుడు కరెంటు. మీ సొంత ఊళ్లో కారు బ్యాటరీ మీద నడపాలన్నారు కాబట్టి ఇది మీకు రొద కంటే ముఖ్యం కావచ్చు.

రెండు రిగ్‌లూ పూర్తి పవర్ దగ్గర 21 నుంచి 23 ఆంపియర్ల వరకు లాగుతాయి. రెండింటికీ 13.8 వోల్టులకు 15 శాతం అటూ ఇటూ అనుమతి, అంటే కింది హద్దు సుమారు 11.7 వోల్టులు. కొన్నేళ్ల క్రితం బనగానపల్లె వైపు ఒక పొలంలో బోరు షెడ్డు పక్కన రిగ్ పెట్టి, కారు బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరింగు తీగ నాలుగు మీటర్లు లాగాను. వినడం చక్కగా వినిపించింది. "సీక్యూ" (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) అని మొదటి అక్షరం గట్టిగా పలకగానే తెర ఆరిపోయి, రిగ్ మళ్లీ మొదటి నుంచి లేచింది. మెల్లగా మాట్లాడితే నడుస్తుంది, గొంతు పెంచితే ఆరిపోతుంది. రిగ్ చెడిపోయిందని బెంబేలెత్తాను. ఇంటికి వచ్చి లెక్క కడితే విషయం బయటపడింది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు 7.4 మిల్లీఓములు; పోయే తీగ, వచ్చే తీగ కలిపి ఎనిమిది మీటర్లు; 20 ఆంపియర్ల దగ్గర దాదాపు 1.2 వోల్టులు తీగలోనే కరిగిపోతున్నాయి. ఇంజను ఆపిన కారు బ్యాటరీ ఆ బరువు కింద 12 వోల్టులకు దిగితే, రిగ్ వెనుక మిగిలేది 10.8. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ రెండు మీటర్లకు మించకుండా వేస్తే పోయేది పావు వోల్టు. తీగ ఖరీదు పెద్దది కాదు. ఆ రోజు నేను పోగొట్టుకున్నది ఒక పూట, మీరు అది కూడా పోగొట్టుకోనక్కరలేదు. ప్లస్, మైనస్ రెండింటిలోనూ ఫ్యూజు వేయండి, బ్యాటరీ కొసకు వీలైనంత దగ్గరగా.

పవర్ సగానికి తగ్గిస్తే ఆంపియర్లు కూడా సగమవుతాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. 50 వాట్ల దగ్గర కూడా ఈ తరగతి రిగ్‌లు 15 ఆంపియర్ల చుట్టుపక్కల తీసుకుంటాయి. అయినా తగ్గించడం మేలే, ఎందుకంటే 100 నుంచి 50కి తగ్గితే అవతలివారికి పోయేది 3 డెసిబెళ్లు, అర గీత మాత్రమే. నేను మొదట మాట్లాడినది హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్40 అనే చిన్న రిగ్‌తో, అది ఇచ్చేది 7 వాట్లు. దానితో పగటిపూట ఇక్కడి నుంచి చెన్నై, హైదరాబాదు, కొచ్చి మామూలుగా అందేవి. బ్యాటరీ విషయంలో మీకు డబ్బు మిగులుతుంది కాబట్టి నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 30 ఆంపియర్ అవర్లది తీసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడే కొద్దీ 12.7 నుంచి మెట్లు దిగుతూ వస్తుంది. లిథియంది చాలా భాగం 13 వోల్టుల దగ్గరే నిలిచి, చివర్లో ఒక్కసారిగా పడుతుంది. రిగ్‌కు కావలసినది ఆ నిలకడే. ఇంట్లో ఉన్న 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టరు బ్యాటరీ మీద రిగ్ నడపవచ్చునా అని అడుగుతారు కొందరు. నడపవచ్చు, కానీ ఆ సమయంలో ఇన్వర్టరు పూర్తిగా విడదీసి ఉండాలి. చార్జరు, ఇన్వర్టరు రెండూ కలిసి బ్యాండును మూసేస్తాయి.

మోసుకెళ్లే విషయంలో పోలికే లేదు. ఎఫ్‌టీ-891 బరువు రెండు కిలోలకు లోపే, ఐసీ-7300 నాలుగు కిలోలు దాటుతుంది. ఎఫ్‌టీ-891 ముందు పలకను విడదీసి, విడిగా దొరికే తీగతో డాష్‌బోర్డు మీద పెట్టి, అసలు పెట్టెను సీటు కింద ఉంచవచ్చు. ఐసీ-7300ను పొలానికి తీసుకెళ్లినవారు ఉన్నారు, నేనూ తీసుకెళ్లాను, కానీ ఆ తెర మీద మే నెల ఎండ పడితే అంకెలు కనిపించవు, దుమ్ము పడుతుందేమోనన్న భయంతో చేతి రుమాలు కప్పుకుని కూర్చోవలసి వస్తుంది. 2009 అక్టోబరు తొలి రోజుల్లో కర్నూలు పట్టణం మునిగినప్పుడు గానీ, 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు గానీ కరెంటూ ఫోన్లూ లేని ఊళ్లు ఎలా ఉంటాయో మన జిల్లాల వారికి తెలుసు. లైసెన్సు ఉన్నవాడి రిగ్ పది నిమిషాల్లో సంచిలోకి, సంచి బండి మీదికి చేరగలగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. మీరు కారులో తిరుగుతారు, ఊరికీ పట్టణానికీ మధ్య ఉంటారు. ఈ పనికి మీలాంటివారే కావాలి.

ఎఫ్‌టీ8 దగ్గరికి వస్తే ఐసీ-7300కు స్పష్టమైన పైచేయి ఉంది. దానిలో సౌండ్ కార్డు లోపలే ఉంటుంది, ఒక్క యూఎస్‌బీ తీగతో ధ్వని, నియంత్రణ రెండూ లాప్‌టాప్‌కు చేరతాయి. ఎఫ్‌టీ-891 యూఎస్‌బీ ద్వారా నియంత్రణ మాత్రమే నడుస్తుంది. ధ్వనికి వెనుక ఉన్న ఆరు పిన్నుల డేటా జాక్ నుంచి చిన్న సౌండ్ ఇంటర్‌ఫేస్ పెట్టుకోవాలి. ఇది ఒక పూట పని, ఒకసారి కుదిరితే మళ్లీ ముట్టుకోనక్కరలేదు. రెండింటిలో ఏది వాడినా ఎఫ్‌టీ8లో పవర్ 30 వాట్లు దాటించకండి. పంపే ప్రతి 15 సెకన్ల వంతులో 12.64 సెకన్లు పూర్తి పవర్ బయటికి పోతుంది, గొంతులా మధ్యలో ఊపిరి తీసుకోదు. అనంతపురంలో మే నెలలో గది వేడే 38 డిగ్రీలు ఉన్నప్పుడు, చిన్న పెట్టె అయిన ఎఫ్‌టీ-891 ఒళ్లు పది నిమిషాల్లో చేయి పెట్టలేనంత కాలుతుంది. ఫ్యాను ముందు పెట్టండి, వెనుక గోడకు జానెడు ఖాళీ వదలండి. లాప్‌టాప్ గడియారం ఒక సెకను లోపు సరిగా ఉండాలి, లేకపోతే వచ్చిన సిగ్నళ్లు తెర మీద కనిపిస్తున్నా ఒక్కటీ విప్పదు.

యాంటెన్నా ట్యూనరు (యాంటెన్నాను రిగ్‌కు సరిపోయేలా చేసేది) ఐసీ-7300లో లోపలే ఉంది, ఎఫ్‌టీ-891లో లేదు. చాలామంది ఇక్కడే తీర్పు చెప్పేస్తారు. నా దృష్టిలో మీకు ఇది లోటు కాదు. ఆ లోపలి ట్యూనరు మామూలుగా సరిచేసేది 3:1 వరకు ఉన్న ఎస్‌డబ్ల్యూఆర్‌ను (యాంటెన్నా రిగ్‌కు ఎంత పొసగడం లేదో చెప్పే అంకెను) మాత్రమే. సరైన కొలతకు కత్తిరించిన డైపోల్ (నడుమ నుంచి రెండు చేతుల్లా తీగలు చాచిన యాంటెన్నా) ఉంటే దాని అవసరం రాదు, అడ్డదిడ్డమైన తీగ వేస్తే అది చాలదు. 143ను 7.1 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే 20.1 మీటర్లు, అంటే ఒక్కో చేయి పది మీటర్లకు కొంచెం ఎక్కువ. పదిన్నర మీటర్లు కోసి, కట్టి, ఎస్‌డబ్ల్యూఆర్ చూస్తూ రెండు వైపులా సమానంగా ఐదేసి సెంటీమీటర్లు తగ్గించుకుంటూ రండి. మనకు అనుమతి ఉన్న 7.0 నుంచి 7.2 మొత్తం 2:1 లోపే ఇమిడిపోతుంది. అదే చోట, అదే బాలన్ (డైపోల్ చేతులను రిగ్ తీగకు కలిపే డబ్బా) కింద 20 మీటర్ల బ్యాండుకు ఒక్కో చేయి ఐదు మీటర్ల తీగను కూడా కట్టవచ్చు.

అద్దె ఇల్లు కాబట్టి గోడకు రంధ్రాలు వద్దు. మెట్ల గది పిట్టగోడకు వెదురు గడనో జీఐ పైపునో నైలాను తాడుతో మూడు చోట్ల బిగించి, నడి భాగం మిద్దె నుంచి ఐదారు మీటర్ల ఎత్తులో ఉండేలా, రెండు చేతులు వాలుగా దిగేలా కట్టండి. రెండంతస్తుల ఇంటి మీద ఇది నేల నుంచి పన్నెండు మీటర్లు అవుతుంది. ఆ ఎత్తులో 40 మీటర్లలో సిగ్నల్ ఎక్కువగా ఆకాశం వైపే పోయి, తిరిగి మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపు అన్ని దిక్కులా పడుతుంది. బెంగళూరు, హైదరాబాదు, చెన్నై, తిరుపతి అన్నీ ఆ గొడుగు కిందివే. రాత్రి పొద్దుపోయాక దగ్గరివారు మాయమై దూరం వారు రావడం మొదలవుతుంది, అది యాంటెన్నా లోపం కాదు, అయనోవరణం పలచబడటం. వీధిలో పోయే ఏ కరెంటు తీగకైనా, గడ పడిపోయినా తగలనంత దూరం ఉండాలి. ఈ ఒక్క నియమంలో సర్దుబాటు లేదు.

మన నేల గురించి ఒక మాట. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి తేమ పట్టి ఉంచుతుంది, విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది. అనంతపురం ఎర్రనేల, గరుసు, కింద బండ. ఇక్కడ నిలువు యాంటెన్నా పెట్టి నాలుగు తీగలు నేల మీద పరిస్తే అది రేడియేట్ చేసేదానికంటే నేలను వేడి చేసేది ఎక్కువ. డైపోల్‌కు నేలతో ఆ పేచీ తక్కువ. ఎర్తింగ్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో వారానికొకసారి నీళ్లు పోయండి. ఉరుము వినిపిస్తే కోయాక్స్ (యాంటెన్నా నుంచి రిగ్‌కు వచ్చే తీగ) విప్పి కిటికీ బయట వదిలేయండి, ఎంత చక్కటి క్యూఎస్‌ఓలో (సంభాషణలో) ఉన్నా సరే.

కోయాక్స్ విషయంలో ఆర్‌జీ-58తో సరిపెట్టుకోవద్దు. పాతిక మీటర్ల మీద 40 మీటర్లలో దాని నష్టం ఒక డెసిబెల్ దగ్గరే ఉంటుంది, పెద్దగా బాధించదు. కానీ పై బ్యాండ్లకు పోయే కొద్దీ రెట్టింపవుతుంది, పైగా చవక రకాల అల్లిక పలచగా ఉండి ఇంటి రొదను లోపలికి లాగుతుంది. ఆర్‌జీ-213 తీసుకోండి. యాంటెన్నా దగ్గర, మళ్లీ రిగ్ దగ్గర 31 రకం ఫెర్రైట్ వలయం మీద పది చుట్లు వేస్తే కోయాక్స్ ఒంటి మీదుగా దిగే రొద చాలావరకు ఆగుతుంది. ఆర్‌జీ-213 లావు తీగ కాబట్టి వలయం దగ్గర మాత్రం సన్నటి కోయాక్స్ ముక్క వాడుకోవచ్చు.

ఐసీ-7300 ఎవరికి అని అడిగితే, సొంత ఇల్లు, కదలని బల్ల, రోజూ రెండు గంటలు కూర్చునే తీరిక, ఎఫ్‌టీ8 మీద ఎక్కువ మక్కువ, యాంటెన్నా ఖర్చు ఇదివరకే పెట్టేసినవారు, వీరికి నేను తడుముకోకుండా అదే చెబుతాను. దాని తెర ముందు కూర్చుని ఉదయం బ్యాండు తెరుచుకోవడం చూడటం ఒక ఆనందం, అది లెక్కలోకి రాదని నేను అనను. మాట్లాడినదాన్ని ఎస్‌డీ కార్డు మీద భద్రపరిచి తరువాత వినగలగడం కొత్తవారికి తమ గొంతు తప్పులు తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. ఎఫ్‌టీ-891 మెనూ లోతు ఎక్కువ, బటన్లు తక్కువ; మొదటి నెల మాన్యువల్ ఒళ్లో పెట్టుకోవలసి వస్తుంది. ఇవి నిజమైన లోట్లే. కానీ మీ డబ్బుకు ఐసీ-7300 వస్తే, మిగిలేది దానితో వచ్చే మైకు, ఒక పాత చార్జరు, కిటికీలో నుంచి వేలాడే ఎలక్ట్రికల్ తీగ. ఆ స్థితిలో ఎంత మంచి రిగ్ అయినా రొదనే అందంగా చూపిస్తుంది.

వీయూ3 (రిస్ట్రిక్టెడ్ గ్రేడు) మిత్రులు ఇది చదువుతుంటే, 100 వాట్ల రిగ్ కొన్నా మెనూలో పవర్‌ను తమ లైసెన్సులో రాసిన హద్దుకు తగ్గించి ఉంచాలి, బ్యాండ్లు, ఎమిషన్లు (ఏ పద్ధతుల్లో పంపవచ్చో) కూడా అందులో చూసుకోవాలి. ఎవరు కొన్నా రిగ్ సీరియల్ నంబరు రాసిన బిల్లు తప్పక తీసుకుని లైసెన్సుతో కలిపి పెట్టుకోండి. చేతులు మారిన రిగ్ అయితే డమ్మీ లోడు (యాంటెన్నాకు బదులు పెట్టే రెసిస్టరు) మీద ప్రతి బ్యాండులోనూ పవర్ చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. ఎవరైనా మిత్రుడి హెచ్‌ఎఫ్ రిసీవరును గానీ, పైన చెప్పిన డాంగిల్‌ను గానీ ఒక్క వారం అడిగి తెచ్చుకుని, మీ మిద్దె మీద పది మీటర్ల తీగ వేలాడదీసి, ఉదయం ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి 7.1 దగ్గర రొద ఎంత ఉందో మూడు రోజులు రాసుకోండి. మధ్యాహ్నం ఎక్కువై రాత్రి తగ్గితే అది సోలార్‌ది. మీరు రాత్రి, తెల్లవారుజాము ఆపరేటరు అయిపోతారు, ఎఫ్‌టీ-891 నిశ్చింతగా కొనండి. రాత్రి కూడా 7 దగ్గరే నిలిచి, మెయిన్ స్విచ్ ఆపినా కదలకపోతే మీ ఇంట్లో ఏ రిగ్గూ సుఖపడదు. అప్పుడు మీ అసలు స్టేషను తాడిపత్రి పొలమే అవుతుంది, దానికీ ఎఫ్‌టీ-891 నప్పుతుంది. మూడు పూటలా 3 లోపే ఉండి, ఇంకో ఏడాది అదే ఇంట్లో ఉంటామని మీకు గట్టిగా తెలిస్తే మాత్రం ఐసీ-7300 వైపు ఆలోచించండి, డైపోల్‌కు, మంచి కోయాక్స్‌కు సరిపడా డబ్బు జమయ్యేవరకు రెండు నెలలు ఆగి.

ఆ అంకెలు వచ్చాక రాయండి, చూసి చెబుతాను. తీగ కోయడానికి, గడ ఎత్తడానికి రెండో మనిషి కావాలి; ఆదివారం అయితే నేను వస్తాను. 73 (శుభాకాంక్షలు).